తాత ఆర్పనన్న కర్పూరం

నా చిన్నప్పుడు మా ఇంట్లో అనుమానానికి ఉన్నంత మర్యాద గోడమీది దేవుడి పటాలకు కూడా ఉండేది కాదు. పాలామె నవ్వుతూ పోస్తే నీళ్లు కలిపి మాయ చేస్తోందని, నవ్వకుండా పోస్తే కలిపిన తప్పు మొహంలో కనిపిస్తోందని మా అవ్వ తేల్చేసేది. ఇంటికి చుట్టాలొస్తే వాళ్లు ఎందుకొచ్చారో కనుక్కునేదాకా ఆమెకు అన్నం సయించేది కాదు. మా అమ్మానాన్నలు కట్టడం పనుల మీద బెంగుళూరులో ఉంటూ, బడి చెడకూడదని నన్ను గుడియాత్తంలో అవ్వ, తాతల దగ్గర వదిలారు. అవ్వ చేతి అన్నంతో పాటు అవ్వ అనుమానం కూడా నాకు బాగానే ఒంటబట్టింది. అరవై దాటిన ఈ వయసులో కూడా అది పూర్తిగా వదల్లేదు. దాన్ని దాచుకోవడం మాత్రం నేర్చుకున్నాను.

మా తాత మేస్త్రి. మాది తరతరాలుగా కట్టడం పని చేసే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం. మా వీధిలో అందరూ తెలుగు గడగడా మాట్లాడేవాళ్లే గానీ, ఆ అక్షరాలు చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. నేను కూడా పెళ్లయి చిత్తూరు వెళ్లాకే కూడబలుక్కుంటూ నేర్చుకున్నాను. తాతకైతే ఏ అక్షరమూ రాదు. గోడ నిలువుగా ఉందో లేదో మాత్రం కన్ను చికిలించి చెప్పేసేవాడు. ఆయనకొక పట్టింపు ఉండేది. నేలమీద కొలత దారం లాగి, అంటే నూలు పట్టి, మూలలు గుర్తు పెట్టేదాకా ఆ పని పేరు ఇంట్లో ఎత్తేవాడు కాదు. ముందే చెబితే పని చెయ్యిజారిపోతుందని వాళ్ల నాయన కాలం నుంచీ ఉన్న నమ్మకం. అందుకని ఆయన ఎక్కడికి వెళ్తున్నాడో, ఎందుకు వెళ్తున్నాడో మాకు తెలిసేది కాదు. మా అవ్వ ఆయనలో ఏ గుణాన్నైనా ఓర్చుకుంది గానీ ఈ ఒక్కదాన్ని ఓర్చుకోలేకపోయింది.

ఆ ఏడు మా వీధి గంగమ్మ గుడికి కొత్త మండపం కట్టాలని పెద్దలు అనుకున్నారు. పాత మండపం మా తాత నాయన కట్టింది. నెర్రెలు విచ్చి వానకు కారుతోంది. దాన్ని మళ్లీ తన చేత్తో కట్టాలన్నది తాత కోరిక. ఆయన కోరికలు బయటికి చెప్పే మనిషి కాదు గానీ, సాయంత్రం పని నుంచి వస్తూ రోజూ గుడి ముందు ఆగి, ఆ పాత స్తంభాల మీద చెయ్యివేసి చూసేవాడు. ఊళ్లోవాళ్లకు ఎన్ని కట్టినా సొంత వీధి అమ్మవారికి కట్టకుండా తన పని పూర్తయినట్టు కాదని ఒకసారి అవ్వతో అనడం నేను విన్నాను. ఎండాకాలం సెలవులు ముగిసేలోపు పెద్దలు కూర్చుని మేస్త్రి ఎవరో తేల్చాలి. ఇంకో మేస్త్రి కూడా అడుగుతున్నాడు గానీ, పని తాతదేనని అందరూ అనుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే తాత తీరు మారింది. శుక్రవారం పొద్దున్నే తలకు పోసుకుని, ఉతికిన పంచె కట్టుకుని, వేలూరు బస్సెక్కి వెళ్లేవాడు. చేతిలో తాపీ ఉండదు, రసమట్టం ఉండదు. ఆదివారం మళ్లీ అంతే. పనిముట్లు లేకుండా మేస్త్రి ఎక్కడికి పోతాడు? అవ్వ రెండు వారాలు ఓపిక పట్టింది. మూడో వారం, ఆయన నిద్రపోతుండగా ఆయన చేతిసంచి విప్పింది. అందులో సాయిబులు పెట్టుకునే తెల్ల టోపీ ఒకటి, అట్టమీద శిలువ బొమ్మ ఉన్న చిన్న తమిళ పుస్తకం ఒకటి ఉన్నాయి. అవ్వ వాటిని ఎలా ఉన్నవి అలాగే మడిచి పెట్టేసి, నా పక్కన వచ్చి కూలబడింది. ఒక మనిషి రెండు మతాల్లో ఒకేసారి ఎలా కలుస్తాడన్న ప్రశ్న ఆమెకు గానీ నాకు గానీ తట్టలేదు.

ఆ మర్నాడే పక్కింటి మామ నిప్పు మీద ఇంత నూనె పోశాడు. ఆయన వేలూరు పక్కన తొరపాడిలో తమ్ముడింటికి వెళ్లినప్పుడు, అక్కడి ప్రార్థన కొట్టంలో నుంచి మా తాత బయటికి రావడం కళ్లారా చూశాడట. అవ్వ మొహం పాలిపోయింది. మండపం పని పోతుందన్న భయం ఒక పక్క, దానికంటే పెద్ద భయం ఇంకొకటి. చచ్చిపోయాక కూడా ఈ మనిషి నా పక్కన ఉండడేమో, వాళ్లతో పాటు వేరే సమాధుల తోటలో పూడ్పించుకుంటాడేమో అని నా ముందరే కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకప్పుడు పదేళ్లు. ఆమె ఏడుపు చూసి నాకు తాతమీద పట్టరాని కోపం వచ్చింది.

"నువ్వు తాతెంబడి పో పాపా," అంది అవ్వ. "ఏం చేస్తాడో కన్నార్పకుండా చూడు. ఏమీ అడగద్దు. అడిగితే జాగర్త పడతాడు. చూసింది చూసినట్ల నాకొచ్చి చెప్పల్ల."

నేనూ వస్తానంటే తాత కాదంటాడనుకున్నాను. ఆయన వెంటనే సరేనన్నాడు. బస్సులో కిటికీ పక్కన నన్నే కూర్చోబెట్టాడు. ఇంత సులభంగా ఒప్పుకోవడం నాకు చాలా అనుమానంగా తోచింది. పాలారు వంతెన దాటేటప్పుడు ఒట్టి ఇసుక చూపించి, ఇంత మంచి ఇసుక ఎక్కడా దొరకదని ఏదో చెబుతున్నాడు. నన్ను మాటల్లో పెట్టి ఏమారుస్తున్నాడని నేను జవాబు చెప్పలేదు.

వేలూరులో ఆయన తీసుకెళ్లింది ఒక మసీదుకు. కాళ్లు కడుక్కునే నీటితొట్టి పక్కన, వసారాలో నన్ను కూర్చోబెట్టి, అక్కడి ముసలి సాయిబుకు అప్పగించి లోపలికి వెళ్లాడు. ఆ సాయిబు నాకు రెండు తాటిముంజలు ఇచ్చాడు. తింటే మతం మారిపోతానేమోనని నేను వాటిని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. నీళ్లు మోచేతిదాకా కారి గౌనంతా తడిసింది. ఆయన నన్ను చూసి, ముంజలు పడవా తల్లీ అని తమిళంలో అడిగి, కాసిని మంచినీళ్లు తెచ్చిచ్చాడు. నేను ఆ నీళ్లు కూడా ముట్టలేదు.

వాకిట్లో నుంచి లోపలంతా కనిపిస్తోంది. మా తాత నెత్తిన ఆ టోపీ పెట్టుకుని వెనకగోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు ఒకాయన ఏదో చెప్పాడు. తరువాత అందరూ లేచి, భుజానికి భుజం తగిలేలా వరసలు కట్టి నిలబడ్డారు. ఒక్కసారిగా వంగారు. ఒక్కసారిగా నేలకు తల ఆనించారు. అంతమంది కదిలినా బట్టల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. నా ఒళ్లు జలదరించింది. అది భయమో ఇంకేమిటో ఇప్పటికీ చెప్పలేను. తాత వంగలేదు గానీ కళ్లు మాత్రం వాళ్లనే పట్టుకుని ఉన్నాయి. తువాలు కింద ఆయన చేతి వేళ్లు ఏదో పట్టుకుని మెల్లగా జరుపుతున్నాయి. అందరూ లేచాక కొందరు పెద్దవాళ్లు పూసల మాలలు పట్టుకుని వేళ్లతో జరుపుతూ కూర్చున్నారు. నేను తాత తువాలు వైపు చూశాను, వాళ్ల చేతుల వైపు చూశాను. విషయం నాకు అర్థమైపోయిందనుకున్నాను.

ఆదివారం తొరపాడి. అక్కడ చర్చి కట్టడమేమీ లేదు, తాటాకుల కొట్టం కిందే ప్రార్థన. నన్ను ఆడవాళ్ల వైపు చాపమీద కూర్చోబెట్టారు. ఒకామె నవ్వుతూ నా చేతిలో గొర్రెపిల్ల బొమ్మ ఉన్న కాగితం పెట్టింది. నేను దాన్ని చాప కిందికి తోసేశాను. పాటలు మొదలయ్యాయి. తమిళ పాటలు, వరస బాగుంది. నా కుడికాలు దానంతట అదే తాళం వేయడం మొదలుపెడితే, ఎడమకాలితో దాన్ని అదిమిపెట్టాను. ఇంతలో అందరూ మోకాళ్ల మీద వంగారు. మా తాత కూడా వంగాడు. పక్కన ఎవరో ముసలామె గట్టిగా ఏడుస్తూ దేవుడితో మాట్లాడుతోంది. తాత తల దించుకుని ఉన్నాడు. తువాలు కింద వేళ్లు మళ్లీ కదులుతున్నాయి. గంగమ్మ ముందు తప్ప ఇంకెక్కడా వంగని మోకాళ్లవి. 

మధ్యలో ఒకరోజు వేలూరు బజారులో వడ్డీ వ్యాపారం చేసే జైనుల ప్రార్థన గదికి కూడా తీసుకెళ్లాడు. మేడమీద పెద్ద గది. పటం లేదు, దీపం లేదు. నోటికి తెల్లగుడ్డ కట్టుకుని, చిన్న చిన్న ఆసనాల మీద ఎవరికి వాళ్లు కదలకుండా కూర్చున్నారు. కూర్చునే ముందు మెత్తని కుంచెతో నేలను తుడుచుకున్నారు, చీమ కూడా చావకూడదని. అక్కడ నాకు ఎవరూ తినడానికి ఏమీ ఇవ్వలేదు, బొమ్మ కాగితమూ ఇవ్వలేదు, నా వంక చూడనైనా చూడలేదు. నాకు అన్నింటికంటే ఎక్కువ అనుమానంగా అనిపించింది అదే.

ఇంటికొచ్చాక సాయంత్రాలు వసారాలో కూర్చుని, ఆ శిలువ పుస్తకం నా చేత చదివించుకునేవాడు. నేను కూడబలుక్కుని చదువుతుంటే మధ్యలో ఆపి, ఇప్పుడు నిలబడినారా కూర్చున్నారా అని అడిగేవాడు. పుస్తకంలో ప్రతి ప్రార్థన పక్కన అది సన్నటి అక్షరాల్లో రాసి ఉండేది. చెబితే కళ్లు మూసుకుని, పెదాలు కదిపి, మళ్లీ చదవమనేవాడు. మంత్రాలు బట్టీ పడుతున్నాడని నేను అవ్వకు చెప్పాను. అవ్వ ఆ మాట పక్కింటి అత్తకు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పింది. పొద్దు వాలేసరికి వీధంతా తెలిసిపోయింది.

పెద్దలు గుడి దగ్గర కూర్చున్న రోజు వీధి వీధంతా వచ్చింది. మాట మండపం గురించి మొదలై, నూలు ఎప్పుడు పట్టాలన్న దాకా వచ్చి, అక్కడ ఆగిపోయింది. వీధి పెద్ద గొంతు సవరించుకుని నన్ను ముందుకు పిలిచాడు.

"భయపడద్దు పాపా. మీ తాతెంబడి పోయినావంట గదా. చిన్నబిడ్డవు, కల్లలు చెప్పవు. ఏం చూసినావో చెప్పు."

నేను భయపడలేదు. ఒప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది, అంతమంది నా నోటివైపు చూస్తుంటే నాకు గర్వంగా ఉంది. మసీదులో టోపీ పెట్టుకుని పూసల మాల తిప్పాడని చెప్పాను. తొరపాడిలో మోకాళ్ల మీద వంగి మాల తిప్పాడని చెప్పాను. పుస్తకంలో మంత్రాలు నేర్చుకుంటున్నాడని చెప్పాను. చెప్పాల్సింది అయిపోయాక కూడా ఇంకేమైనా ఉందా అని గుర్తు చేసుకుంటూ కాసేపు అక్కడే నిలబడ్డాను.

"ఏమప్పా మేస్త్రీ, నిజమేనా?" అన్నాడు పెద్ద.

"పోయింది నిజమే, వంగింది నిజమే," అన్నాడు తాత. "అంత మందీ వంగితే నేనొగణ్ణే బిగుసుకొని కూర్చుంటే మర్యాద కాదు గదప్పా."

"మాల?"

తాత భుజం మీది తువాలు సర్దుకున్నాడు. గుంపులో గుసగుసలు లేచాయి. పెద్ద చెయ్యెత్తి ఆపాడు. ఆయన చెడ్డవాడు కాదు, తాతమీద ఆయనకు గౌరవమే. అందుకే మావైపు అన్ని తగాదాలూ తేల్చే పద్ధతే ఎంచుకున్నాడు.

"సూడం వెలిగించండి," అన్నాడు. సూడమంటే కర్పూరం. "అమ్మ ముందర ఆర్పి సత్తియం చెయ్యి మేస్త్రీ. మాల పట్టలేదు, వేరే సామి పేరు జపించలేదు అని ఒగ మాట చెప్పు. రేపే నూలు పడతాం, ఇంక ఎవురూ నోరెత్తరు."

మండపం మెట్టుమీద కర్పూరం వెలిగింది. తాత ముందుకొచ్చి వంగాడు. అరచెయ్యి మంటమీదికి చాపాడు. అట్లా చాపి తలెత్తి నన్ను చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పాప ఒగ మాట చెప్పినాది. దాని మింద నేను సూడం ఆర్పను," అన్నాడు.

ఆ మాట వెనకున్న నమ్మకం అక్కడున్న పెద్దవాళ్లందరికీ తెలుసు, నాకు తెలియదు. ఒకే సంగతి మీద రెండు మాటలు పుట్టి, ఒకరు కర్పూరం ఆర్పితే, అబద్ధం చెప్పిన రెండోవాళ్లను అమ్మవారు వదలదని మావాళ్ల నమ్మకం. అయినా ఎవరూ ఆ దారిలో ఆలోచించలేదు. తప్పు చేశాడు కాబట్టే వెనక్కి తగ్గాడనుకున్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు మాతో ఎవరూ మాట్లాడలేదు. అవ్వ పొయ్యి వెలిగించకుండా గోడకు తిరిగి పడుకుంది.

మర్నాడు తాత నన్ను మళ్లీ బస్సెక్కించాడు. ఈసారి కావేరిపాక్కం అవతల, చెరువు కట్ట దగ్గరి ఒక పల్లెకు. అక్కడ చిన్న పాత మసీదు ఉంది. నమాజు వేళ కాదు, లోపల ఎవరూ లేరు. కాపలా ఉన్నాయన తాతను గుర్తుపట్టి లోపలికి రానిచ్చాడు. నడిమధ్యలో చెక్కడాలున్న నాలుగు స్తంభాలు ఉన్నాయి. అచ్చం మా గంగమ్మ మండపంలో ఉన్నట్టే. నన్ను ఒక స్తంభం వెనక నిలబెట్టి, మొన్న వేలూరులో వాళ్లు వంగినట్టు వంగమన్నాడు. వంగితే నా నెత్తి స్తంభానికి కొట్టుకుంది.

"దీన్ని నేను కొత్తగా మేస్త్రి అయినప్పుడు కట్టినానమ్మా," అన్నాడు. "నాకు తెలిసిందంతా మన మండపమే. దేవుని ఇల్లంటే నడమ కంబాలు ఉండల్ల అనుకున్నా. నాలుగు నిలబెట్టి నాకు నేనే మురిసిపోయినా. వీళ్లు నాకు కొత్త పంచె పెట్టి పంపినారు. ఒగరన్నా ఒగ మాట అనలేదు."

పదేళ్ల తరువాత ఏదో నెర్రె పూడ్చడానికి శుక్రవారంనాడు వచ్చాడట. బయట నిలబడి మొదటిసారి నమాజు చూశాడట. వరస కట్టి నిలబడాల్సిన చోట స్తంభాలు అడ్డొచ్చి ప్రతి వరసా విరిగిపోతోంది. చోటు చాలక ఒక ముసలాయన స్తంభం వెనకే నిలబడి, వంగినప్పుడల్లా ఒంటిని పక్కకు మెలిపెట్టి తల ఆనిస్తున్నాడు. ఆయన తల ఒరుసుకుని ఒరుసుకుని స్తంభం మొదట్లో సున్నం రాలిపోయి ఉంది. అయ్యా, ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదు అని అడిగితే, నువ్వు అంత సంతోషంగా కట్టినావు, మనసెట్ల నొప్పించేది అన్నాడట. ఈ మాట చెబుతూ తాత ఆ స్తంభం మొదలును అరచేత్తో తుడిచాడు. 

అప్పటి నుంచీ ఆయన, ఎవరి ప్రార్థన చోటైనా కట్టాల్సి వస్తే, రాయి ముట్టకముందు వెళ్లి వాళ్ల మధ్యన కూర్చునేవాడు. వాళ్లు ఎలా కూర్చుంటారు, ఎప్పుడు లేస్తారు, అందరూ ఒక్కసారి లేస్తే వాకిలి ఎంత వెడల్పుండాలి, మోకాళ్లు వంచేవాళ్లకు నేల ఎంత నునుపుగా ఉండాలి, అన్నీ చూసుకునేవాడు. వేలూరు మసీదుకు ఇంకో వసారా, తొరపాడిలో కొట్టం ఉన్న చోట ఒక హాలు, బజారులో ఆ మేడమీదికి గాలొచ్చేలా ఇంకొక గది. మూడు పనులూ ఆయన్నే చేయమని అడిగారు. ఇంకా నూలు పట్టలేదు కాబట్టి ఇంట్లో చెప్పలేదు. ఇదంతా చెప్పి నా చేతిలో ఆయన పెట్టింది ఒక దారం. దానికి అక్కడక్కడ ముళ్లున్నాయి. నేలకు తల ఆనించిన మనిషికి ఎంత చోటు కావాలో ఒక ముడి, మోకాళ్ల మీద వంగినవాళ్లకు ఎంత కావాలో ఒక ముడి, కాళ్లు మడిచి కూర్చున్నవాళ్లకు ఇంకొకటి. పూసల మాల అని నేను వీధి మొత్తానికి చెప్పింది దీన్నే.

 నిన్న అందరి ముందూ దీన్ని తీసి చూపిస్తే అయిపోయేది కదా తాతా అని అడిగాను.

"చూపిస్తే నువ్వు కల్ల చెప్పినట్ల అయిపోతాది గదమ్మా, అమ్మ ముందర. నువ్వు కావాలని చెప్పలేదు, నాకు తెలుసు. అయితే సూడానికి అది తెలుస్తాదా?" అన్నాడు. "ఇంకోటి. మాల లేదంటాను సరే. ఊరికే వంగినాను, మొక్కలేదు అని ఎట్ల చెప్పేది? ఆ తొరపాడి ముసలామె కొడుకు కోసరం అట్ల ఏడుస్తా ఉంటే, నేను కొలత చూసే దానికే వంగినానని చెప్పేదానికి నాకు నోరు రాదు."

ఆ రోజంతా నేను ఏడుస్తూనే ఉన్నాను. మరుసటి రోజు మధ్యాహ్నం తాత చూడకుండా ఆ దారం తీసుకుని వీధి పెద్ద ఇంటికి పరుగెత్తాను. అది మాల కాదని, నేను సరిగ్గా చూడలేదని, దారం చాపి ముళ్లు ఒక్కొక్కటే చూపించాను. ఆయన అంతా విని నవ్వాడు. కోపంగా కాదు, జాలిగా.

"తాత నేర్పించి పంపినాడా పాపా? మొన్న ఒగటి చెప్పినావు, ఈ పొద్దు ఒగటి చెప్తా ఉండావు."

నేను కర్పూరం ఆర్పుతానన్నాను. పిల్లల సత్తియం చెల్లదు పోమ్మా అన్నాడు. మొన్న నా మాట చెల్లింది, ఈరోజు నా ప్రమాణం చెల్లదు. నాకు వచ్చిన కోపానికి అంతూ పొంతూ లేదు. ఇంటికొచ్చి దేవుడి గూట్లో కర్పూరం బిళ్లలు, అగ్గిపెట్టె తీసుకుని గుడికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. పెద్ద కూడా, ఈ పిల్ల ఏం చేస్తుందోనని మెల్లగా వెనకే వచ్చాడు. పూజారి, పక్కింటి మామ అక్కడే నీడన కూర్చుని ఉన్నారు. మెట్టుమీద బిళ్లలన్నీ ఒకేచోట పెట్టి వెలిగించాను. పెద్దవాళ్లు ఒక బిళ్ల వెలిగిస్తారని నాకు తెలియదు. మంట నా మోచేతి ఎత్తున లేచింది. మా తాత మాల పట్టలేదు, నేను చెప్పిందే అబద్ధం అని గట్టిగా అరిచి, చెయ్యి పైకెత్తాను.

తాత ఎప్పుడొచ్చాడో తెలియదు. దారం కనిపించక నన్ను వెతుక్కుంటూ వచ్చాడట. చెప్పులు కూడా విడవకుండా మెట్లెక్కి, ఒక చేత్తో నా మణికట్టు పట్టుకుని, వంగి, ఆ మంటను నోటితో ఊదేశాడు. ఒక్క ఊదుకు ఆరలేదు. రెండోసారి, మూడోసారి ఊదాడు.

మావాళ్లలో దీపాన్ని నోటితో ఆర్పరు. ఎంగిలి గాలి తగలకూడదని పువ్వుతో కొండెక్కిస్తారు. అలాంటిది గంగమ్మ ముందర, ప్రమాణం కోసం వెలిగించిన కర్పూరాన్ని, కాలికి చెప్పులతో, నోటితో ఊదాడు. మా అవ్వ పూజగదిలో నా చేత ఊదుబత్తి మంటను కూడా ఊదనిచ్చేది కాదు. పూజారి చెవులు మూసుకున్నాడు. పక్కింటి మామ లేచి నిలబడ్డాడు.

"చూసినారా," అన్నాడు పెద్ద, చాలా మెల్లగా. "మనవాడైతే ఈ పని చేస్తాడా?"

తాత ఆ మాట విననట్టే నా అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. కాలిందామ్మా, కాలిందా అని అదే అడుగుతున్నాడు. కాలలేదు. చిటికెన వేలు కొస మాత్రం కొంచెం ఎర్రబడింది. దాన్ని నోట్లో పెట్టుకుని, నన్ను ఎత్తుకుని మెట్లు దిగాడు. పదేళ్ల పిల్లను ఎత్తుకుని వీధి పొడుగునా నడిచాడు.

మండపం రెండో మేస్త్రి కట్టాడు. బాగానే కట్టాడు. కట్టినన్నాళ్లూ తాత పని నుంచి వేరే దారిలో ఇంటికొచ్చేవాడు. అవ్వకు నేను ఆ రోజే అంతా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు, తనను తాను తిట్టుకోలేదు, తాతతో ఏమీ అనలేదు. ఏడాది తరువాత తొరపాడి హాలు పూర్తయ్యాక, చుట్టాలింటికని చెప్పి ఒక ఆదివారం ఒక్కతే వెళ్లి వెనక వరసలో కూర్చుని వచ్చిందట. ఏమి చూశావని అడిగితే, "గాలి బాగా వస్తా ఉండాది," అని మాత్రం అంది. ఆ మాటకు తాత ఆ పూట రెండుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు.

తాత పోయి ఎన్నో ఏళ్లయింది. గంగమ్మకు మండపం కట్టే అవకాశం ఆయనకు మళ్లీ రాలేదు. ఇప్పుడు నేను వేలూరులోనే కూతురి దగ్గర ఉంటున్నాను. రంజాను విందుకు ఎవరైనా పిలిస్తే పోతాను, క్రిస్మస్ ప్రార్థనకు పిలిస్తే పోతాను, బుద్ధుడి గురించీ సిక్కుల గురించీ దొరికిన పుస్తకాలు కళ్లద్దాలు పెట్టుకుని చదువుతాను, తెలియనిది ఎదుటి మనిషినే అడుగుతాను. ఈ ముసలామెకు ఇవన్నీ ఎందుకో అని చుట్టుపక్కలవాళ్లు నన్ను అనుమానంగా చూస్తారు. వాళ్లను నేనేమీ అనలేను, ఆ చూపు నాకు బాగా తెలిసిందే.

మీ తాత ఇంతకీ ఏ దేవుణ్ణి నమ్మాడు అని మనవరాళ్లు అడుగుతుంటారు. నాకు తెలియదు. ఆయనతో పాటు అన్నిచోట్లా కూర్చున్నాను, బస్సులో పక్కనే కూర్చున్నాను, అయినా ఆ మాట ఆయన్ను అడగలేదు. నాకు తెలిసిందల్లా ఒకటే. గంగమ్మ చూస్తుండగా, ఊరు చూస్తుండగా, తన మండపం పోతుందని తెలిసీ, నా చెయ్యి కాలకూడదని మా తాత ఆ కర్పూరాన్ని నోటితో ఊదాడు.